ఆ నస్ కాదు పెద్దబాపూ

ఆ రోజుల్లో మా నాందేడ్‌లో మూడు భాషలు రావడం గొప్ప కాదు. ఇంట్లో తెలుగు, కాలేజీలో మరాఠీ, బజారులో హిందీ. చిక్కల్లా కొన్ని మాటలతోనే. ఉదాహరణకు 'నస్'. తెలుగులో ఒంట్లో ఉన్నవన్నీ నరాలే అయినట్టు, హిందీలో అన్నీ నస్‌లే. పైగా ఎమర్జెన్సీ పోయి ఎంతో కాలం కాలేదు. పిల్లలు పుట్టకుండా చేసే నస్‌బందీ ఆపరేషన్‌కు జీపు వస్తోందంటే మగవాళ్లు పత్తి చేలల్లో దూరిన కాలం అది. (దూరినవాళ్లలో ధర్మాబాద్‌లో గింజల వ్యాపారం చేసే మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, ఒకడు. అప్పటికే ఐదుగురు పిల్లల తండ్రి, అయినా దూరాడు.)

ఆ పెద్దబాపుకు కాలు నొప్పి పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది, కాసేపు నిలబడితే వదిలేసేది. స్టేషన్ నుంచి మా ఇంటికి వచ్చే దారిలో ఆ పిక్క సరిగ్గా గాజుల కొట్టు ముందే పట్టేది. ఊళ్లో ఏమనుకున్నారో మీ ఊహకే వదిలేస్తున్నా. నవ్వులాట అక్కడితో సరి. ఎందుకంటే బొటనవేలి మీద లేచిన పుండు నెలలు గడిచినా మానలేదు, నల్లబడుతోంది కూడా. కాలేజీలో సైన్సు చదువుతున్నానన్న పాపానికి ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయే పని నా మీద పడింది.

డాక్టరు ముందు ఎక్స్‌రే తీయించాడు. "బొక్కలన్ని సక్కగున్నయి, ఇంకేంది, పోదం పా" అని పెద్దబాపు చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గాని రక్తం పారే దారి కనిపించదని డాక్టరు ఆపి, ముంబై నుంచి కొత్తగా తెచ్చిన చిన్న డబ్బా తీశాడు. జిగురు రాసి పెన్సిల్ లాంటి ముక్క కాలికి ఆనిస్తే లోపలి రక్తం చప్పుడు వినిపించే డాప్లర్ అది. మంచి కాలికి హుష్ హుష్ అని పలికింది. "గిది రేడియో లెక్కనే ఉన్నది" అని పెద్దబాపు మురిసిపోయాడు. జబ్బు కాలికి పెడితే ఏమీ పలకలేదు. డాక్టరు నా వైపు తిరిగి, దారి మూసుకుందని ఇది చెబుతుంది, సరిగ్గా ఎక్కడో చెప్పలేదు, అది తేలాలంటే హైదరాబాద్‌లో రంగుమందు ఎక్కించి ఫోటో తీయాలి, ఆలస్యమైతే ముందు వేలు, తర్వాత కాలు పోతాయి అని మరాఠీలో అన్నాడు. తర్వాత ఆయన పెద్దబాపుకు అర్థం కావాలని హిందీలోకి దిగాడు. "సేట్‌జీ, నస్ బంద్ హై" అని, రంగుమందు సూది ఎక్కడ గుచ్చుతారో చూపడానికి తొడ మొదట్లో, పంచె మడత దగ్గర, వేలు ఆనించాడు.

పెద్దబాపు బల్ల మీద నుంచి దూకి బయటపడ్డాడు. అంత పరుగు ఆ కాలిలో ఉందని డాప్లర్ కూడా చెప్పలేదు. నేను మాత్రం తొందరపడలేదు. ఆయన ఎక్కడ ఆగుతాడో నాకు తెలుసు.

గాజుల కొట్టు మెట్టు మీద పిక్క పట్టుకుని కూర్చున్నాడు.

"నాకు ఆపరేషన్ జేస్తడా ఆడు?"

"ఆ ఆపరేషన్ కాదు పెద్దబాపూ."

"మరి ఏ ఆపరేషన్?"

"నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్న?"

నేను గాజులు చూశాను. పెళ్లికాని పిల్లను, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, కొట్టాయన తూకం వేసినట్టు వింటున్నాడు. చెప్పకపోతే ఈయన ధర్మాబాద్ బండెక్కేస్తాడు, మళ్లీ రాడు. కళ్లు మూసుకుని బజారంతా వినేలా అనేశాను. "నస్‌బందీ గాదు పెద్దబాపూ. బంద్ అయింది కాలి నస్. గా రంగు ఫోటో దియ్యకుంటే నీ కాలు కోస్తరు."

పెద్దబాపు మెల్లగా లేచి పంచె సర్దుకున్నాడు. "గా ముక్క ముందుగాల జెప్తె ఉరికేటోన్నా?"

సంగతి విన్న పెద్దమ్మ నవ్వలేదు. "కాలు బాగుజేసేటోళ్లు అది గూడ జేస్తమంటే వద్దనకున్రి" అంది.

హైదరాబాద్ ఫోటోలో రంగుమందు తొడ మధ్య దాకా చక్కగా దిగి అక్కడ ఆగిపోయింది. అడ్డు ఎక్కడో తేలాక డాక్టర్లు పక్క నుంచి కొత్త దారి వేశారు. పుండు మానింది. పెద్దబాపు రెండు కాళ్లతోనే నా పెళ్లికి వచ్చాడు.

ఇప్పుడు అరవై దాటిన నేను ఏ డాక్టరు ముందైనా ఏ మాటైనా బెరుకు లేకుండా అనేస్తాను. దాన్నే ధైర్యం అనుకుని కాస్త గర్వపడుతుంటాను కూడా. కాని నడి బజారులో చెవుల దాకా ఎర్రబడి, పెద్దబాపు కాలు కోసం కళ్లు మూసుకుని అరిచిన ఆ పిల్ల గుర్తొస్తే నా గర్వానికి నాకే నవ్వొస్తుంది.