బస్సు ఆపించిన మేనత్త

నా చిన్నప్పుడు నాకు బస్సు పడేది కాదు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పడం మొదలయ్యేది. ఏటా కాకినాడలో జరిగే సువార్త కూటాలకి మా చర్చి వాళ్ళందరం కలిసి బస్సు మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళం. ఆ రోజు దగ్గరపడుతుంటే మిగతా పిల్లలు గంతులేసేవారు, నాకు మాత్రం అన్నం సయించేది కాదు. వాంతి అంటే కాదు నా భయం, అందరి ముందూ బస్సు ఆపమని అడగడమంటే భయం. ముందు సీట్లో పాస్టరు గారు, వెనకంతా పాటలు పాడుతున్న పెద్దవాళ్ళు. ఒక ఏడాది అలాగే బిగబట్టుకుని కూర్చుని, చివరికి పక్కన కూర్చున్నావిడ కొత్త చీర పాడుచేశాను. ఆ తర్వాత చాలా ఆదివారాలు చర్చిలో ఆవిడ కంటబడకుండా తిరిగాను.

మరుసటి ఏడాది రానంటే రానని మొండికేశాను. మా మేనత్త తన పక్కన కూర్చోబెట్టుకుంటానని ఒప్పించి తీసుకెళ్ళింది. గుప్పిట్లో నిమ్మకాయ పెట్టి, వాసన చూస్తూ ఉండమంది. సగం దారిలో నాకు చెమటలు పట్టాయి. అత్తకి చెప్పకుండా నిమ్మకాయని ముక్కుకి అదుముకున్నాను. అంతలో అత్తే లేచి నిలబడి, "డ్రైవరు గారూ, కాస్త ఆపండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి!" అని గట్టిగా అరిచింది.

బస్సు ఆగింది. మొదటి కూటానికి అందుకోలేమని వెనకనించి ఎవరో సణిగారు కూడా. అత్త అదేమీ పట్టించుకోకుండా, తోడు కావాలన్నట్టు నా చెయ్యి పట్టుకుని దిగింది. చింతచెట్టు చాటుకి తీసుకెళ్ళి, నేను వాంతి చేసుకుంటున్నది ఎవరికీ కనబడకుండా కొంగు అడ్డం పెట్టి, నా వీపు నిమిరింది. మళ్ళీ బస్సెక్కాక అందరూ అత్తకే మంచినీళ్ళిచ్చారు, అత్తకే విసిరారు. ఆవిడ నీరసంగా కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. పాపం అత్తకీ బస్సు పడదు కాబోలనుకున్నాను. అదంతా నటనని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.

ఇదంతా ఇప్పుడు కెనడాలో, ఈ ఎటోబికోలో కూర్చుని తలుచుకోవడానికి కారణం ఉంది. వచ్చే నెల మా అమ్మాయి మమ్మల్నిద్దరినీ ఫ్రాన్స్ తీసుకెళ్తోంది. లువార్ నది పొడవునా కోటలు, ద్రాక్షతోటలు, చివర్లో సముద్రం. నాకేమో కంటి మీద కునుకు లేదు. మావారికి నిరుడు గుండె ఆపరేషన్ అయింది. వెళ్ళొచ్చు గానీ ఎక్కువ మెట్లు వద్దని, ఆయాసం వస్తే ఆగిపొమ్మని డాక్టరు చెప్పాడు. ఈయన ఆగుతారా? మొన్న మా బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యకపోతే మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, లేసు కట్టుకుంటున్నట్టు వంగి నిలబడ్డారు. ఆయన వేసుకున్నవి లేసుల్లేని బూట్లు.

ఆదివారం చర్చినించి వచ్చాక అమ్మాయి ల్యాప్‌టాప్ ముందేసుకుని ప్లాన్ చూపించింది.

"డే వన్, త్రీ కాసిల్స్! ఈ టవర్ పైకెక్కితే రివర్ అంతా కనిపిస్తుంది డాడీ!"

"ఎక్కేద్దాం," అన్నారాయన నవ్వుతూనే. కానీ స్క్రీను మీద మెలికలు తిరిగిన ఆ మెట్ల బొమ్మనే చూస్తూ ఉండిపోయారు. మన మాట ఎవరికీ అర్థం కాని చోట, కూతురి సరదా పాడుచెయ్యకూడదని బిగబట్టుకుని ఈ మనిషి ఆ మెట్లెక్కుతూ పోవడం కళ్ళకి కట్టింది. వద్దని నేనంటే వినరు సరికదా, కూతురి ముందు చిన్నబుచ్చుకుంటారు.

"నా వల్ల కాదమ్మా," అనేశాను. "నా మోకాళ్ళు అన్ని మెట్లెక్కలేవు. రోజుకో కోట చాలు. అక్కడా నేను కింద తోటలో కూర్చుంటాను."

"మామ్, సిన్స్ వెన్?" అంది అమ్మాయి. రోజూ లేక్ ఒడ్డున వాకింగ్ చేసే మనిషిని, అడగదూ మరి! కాస్త విసుక్కుంటూనే రెండు కోటలు తీసేసింది.

"అమ్మనొక్కదాన్నీ ఎలా వదిలేస్తాం? నేనూ కిందే ఉంటాలే," అన్నారు మావారు. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో!

భయం పోయిందని చెప్పను. సూట్‌కేసు కంటబడినప్పుడల్లా ఆ పాత బస్సులో లాగే కడుపులో తిప్పుతోంది. అయితే ఆ బస్సులో నా కోసం లేచి నిలబడ్డ అత్త కూడా నాతోనే ఉంది. ఆ ఆదివారం అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి లోపలికెళ్ళాక, ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"బాగా నొప్పిగా ఉందా?" అని మెల్లగా అడిగారు. ఆయన కళ్ళు చూస్తే, అంతా తెలిసే అడుగుతున్నారనిపించింది.

"బాగా," అన్నాను.