అమ్మ చెప్పిన సీరియల్

ఇప్పుడు మా అమ్మ ఫోన్‌లో తెలుగు సీరియళ్లు తెగ చూస్తుంది. ఒక్కటీ నచ్చదు. "గీమెకు మాట్లాడనే రాదు" అని హీరోయిన్‌ను తిట్టి ఇంకోటి పెడుతుంది. అమ్మ చెప్పిన సీరియళ్లు విన్నదాన్ని కాబట్టి నాకూ అవి చప్పగానే ఉంటాయి.

సూరత్‌లోని ఉధ్నాలో మేం అద్దెకున్న వరుస గదుల్లో టీవీ మాకొక్కరికే ఉండేది. నాన్న మగ్గాల కార్ఖానాకు పోయాక ఆడవాళ్లందరూ మధ్యాహ్నం మా గదిలో చేరేవారు. అందరి ఒళ్లోనూ చీర, పక్కన జిగురు, రాళ్ల పొట్లం. చీరకు రాళ్లు అతికించేటప్పుడు చూపు తిప్పితే రాయి పక్కకు పోతుంది. పైగా వాళ్లకు కూరగాయలు బేరమాడేంత హిందీ వచ్చు కానీ సీరియల్ హిందీ రాదు. సూరత్‌లోనే పుట్టిన అమ్మ టీవీ చూస్తూ వాళ్లకు కథ తెలుగులో చెప్పేది. ఆ మధ్యాహ్నాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

నేనప్పుడు హిందీ మీడియంలో ఆరో తరగతి. అమ్మ చెప్పేదానికీ తెర మీద జరిగేదానికీ పొంతన లేదని నాకొక్కదానికే తెలుసు. అక్కడ కోడలు ఏడుస్తూ అత్త కాళ్ల మీద పడుతుంది. ఇక్కడ అదే కోడలు "అత్తమ్మా, జర నా మాట గూడ ఇనుండ్రి" అని మొదలుపెట్టి నాలుగు మాటలతో కడిగేస్తుంది. తప్పులు దిద్దాలని నాలుక దురద పెట్టేది. అయినా అమ్మ కోడలే నాకు నచ్చేది, అందుకే నోరు మూసుకునేదాన్ని.

ఆ ఏడాది పక్క గదికి కొత్త కోడలు వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే ఊళ్లో వాళ్లమ్మకు జబ్బు చేసిందని ఫోనొచ్చింది. అత్త పంపనంది. దీపావళికి మగ్గాలు బంద్ అయినప్పుడు అందరం కలిసి పోదామంది. కోడలు ఎదురు చెప్పలేదు. మా గదిలో అత్త పక్కనే కూర్చుని రాళ్లు అతికించేది.

ఆ వారం తెర మీద హీరోయిన్ భర్త వ్యాపారం మునిగిందని ఏడుస్తోంది. అమ్మ ఆ ఏడుపును తల్లి జబ్బుకు వాడుకుంది.

"మా అమ్మను సూసొస్త అత్తమ్మా, వచ్చినంక మీరేమన్నా పడ్త అంటున్నది."

పక్క గది అత్త చీర పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు హిందీ సదువుతున్నవ్ గద బిడ్డా. సెప్పు, గామె గట్లనే అన్నదా?"

అమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"గట్లనే అన్నది పెద్దమ్మా. అత్తనే గామెను రైలెక్కిస్తదంట."

"నీకెట్ల ఎర్క?"

"రేపటిది ముందుగాలనే సూపిచ్చిండ్రు."

ఆమె చీర మళ్లీ ఒళ్లోకి లాక్కుంటూ, "టీవీల అత్తలే పంపుతుంటె నేను పంపకపోతె నలుగురేమంటరు" అని గొణిగింది. అన్నేళ్లు సూరత్‌లో ఉన్న మనిషికి ఆ ఏడుపు దేనికో నిజంగా అర్థం కాలేదా అని నాకిప్పుడు అనుమానం. ఏమైనా మర్నాడు తనే ఆటో మాట్లాడి కోడలిని స్టేషన్‌కు తీసుకుపోయింది.

పదిహేను రోజులకు ఆ కోడలు తిరిగొచ్చింది. తల్లి పోయింది. చివరి మూడు రోజులూ ఈమె పట్టిన నీళ్లే తాగిందట. మధ్యాహ్నం మామూలుగా వచ్చి తన చోట కూర్చుని చీర పరుచుకుంది. అమ్మ ఆ రోజు కథ చెప్పకుండా ఊరికే టీవీ చూస్తోంది.

కాసేపటికి ఆ కోడలే అడిగింది.

"అక్కా, టీవీల గామె వాళ్లమ్మకు మంచిగైందా?"

ఆ సీరియల్లో హీరోయిన్‌కు అసలు తల్లే లేదు.

"మంచిగైంది" అన్నది అమ్మ. "లేసి తిరుగుతున్నది."

ఆమె నా వైపు చూసింది. నేను అవునని తలూపాను. అప్పుడు గానీ ఆమె ఏడవలేదు.