సబ్బుతో కడిగిన గొర్రెపిల్ల

వనపర్తి దాటాక రోడ్డు పక్కన ఈమధ్యే ఒక తోట పెట్టారు, పిల్లలు కుందేళ్ళనూ మేకపిల్లలనూ గొర్రెపిల్లలనూ ఎత్తుకుని ఆడుకోవచ్చని. నాగర్‌కర్నూల్‌లోని మా హాస్టల్ బడి నుంచి ఐదో తరగతి ఆడపిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళిన రోజు, పాత అలవాటు కొద్దీ ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని దాని మెడలో ముక్కు పెట్టి వాసన చూశాను. షాంపూ వాసన! మెడకు గులాబీ రిబ్బను, కాళ్ళకు మువ్వలు, ఒంటినిండా మల్లెపూల షాంపూ. గొర్రెపిల్లకు ఉండాల్సిన పచ్చిపాల వాసన, ఎండుగడ్డి వాసన, తల్లి నాకిన తడి వాసన మచ్చుకైనా లేవు. "పొద్దుగాల్నే కడుగుతం మేడం, వాసనొస్తే పిల్లలు ఎత్తుకోరు గదా" అంది పాలసీసాలు పట్టుకుని నిలబడ్డ ఆమె. మరి వీటి తల్లులేవని అడిగితే, "తల్లులేడియి మేడం, సీసపాలే" అని నవ్వింది. మా పిల్లలు కేరింతలు కొడుతూ వాటి వెంట పరుగెత్తుతుంటే నేను వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాను. ఏడేళ్ళ వయసులో నేనూ ఒక గొర్రెపిల్లకు సబ్బు పెట్టాను.

మాది ధరూర్ వైపు ఒక చిన్న ఊరు. కృష్ణమ్మ కనుచూపు మేరలోనే పారుతున్నా మా చేనుకు మాత్రం వాన తప్ప వేరే దిక్కుండేది కాదు. దసరా వెళ్ళి బుడ్డలు పీకడం అయిపోగానే, అంటే వేరుశనగ పంట ఇల్లు చేరగానే, మేస్త్రీ వచ్చేవాడు. అమ్మా నాన్నా ఒక రేకుపెట్టె ఇంట్లో వదిలి, ఇంకో రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బొంబాయిలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళేవాళ్ళు. నేను మా నాయనమ్మ దగ్గర, అంటే అవ్వ దగ్గర ఉండేదాన్ని. ఊరిలో నా ఈడు పిల్లలు సగం మంది తల్లిదండ్రుల వెంటే వెళ్ళిపోయేవాళ్ళు కాబట్టి కచ్చకాయలాడటానికి తోడు దొరికేది కాదు, ఎడమ చేతికీ కుడి చేతికీ పందెం పెట్టి నాతో నేనే ఆడుకునేదాన్ని. ఎవరు గెలిచినా సంతోషమేమీ ఉండేది కాదు.

అమ్మ వెళ్ళిన కాలమే గొర్రెలు ఈనే కాలం. తాతకు అరవై గొర్రెల మంద ఉండేది. చలికి పొగలు కక్కే మంట ముందు కూర్చుని, అవ్వ వేడివేడిగా కొట్టిన జొన్నరొట్టెలో ఎర్రకారం పెట్టుకుని తిని, ఇంకో రెండు రొట్టెలు మూటగట్టుకుని, గొంగడి కప్పుకుని తాత మందను తోలుకుపోతే, పాలు తాగే పిల్లలన్నీ ఇంటి దగ్గరే ఉండిపోయేవి. కాస్త పెద్దవి కంపదడి లోపల, నిన్న మొన్న పుట్టినవి బోర్లించిన గంపల కింద. పగలంతా వాటిని కుక్కలు రాకుండా చూసుకోవడం, లేత తుమ్మ ఆకు అందించడం నా పని. పొద్దు వాలేసరికి మేత బీళ్ళ దిక్కున దుమ్ము లేచేది. ఈనిన గొర్రెలు మందను వదిలేసి, పొదుగులు ఊగుతుంటే అరుచుకుంటూ ముందే ఉరికొచ్చేవి. నేను దడి తీయగానే ఇటు నుంచి పిల్లలూ అటు నుంచి తల్లులూ కలగాపులగమైపోయి, ఆ అరుపుల్లో మన మాట మనకే వినపడేది కాదు. అయినా ఒక్క తల్లీ పొరబడేది కాదు. తోక కింద ముక్కు పెట్టి ఒక్కసారి వాసన చూసేది, తనదైతే నిలబడేది, కాకపోతే ఒక్క కుమ్ము కుమ్మేది. అందరికీ అమ్మలొచ్చే ఆ వేళంటే నాకు ఇష్టమూ, ఏడుపూనూ.

ఆ యేడు నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ఒక పిల్లంటే నాకు ప్రాణం. ఇంట్లో ఉండిపోయిన అమ్మ రేకుపెట్టెలో, చీర మడతల్లో, సగం అరిగిన వాసన సబ్బు ఒకటి ఉండేది. బెంగ పుట్టినప్పుడల్లా పెట్టె తెరిచి దాన్ని ముక్కుకు ఆనించుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం, అవ్వ చేనికి వెళ్ళినప్పుడు, ఆ పిల్లకు కూడా అమ్మ వాసన వస్తే ఎంత బాగుంటుందోనని నా తెలివికి తోచింది. నీళ్ళ గోలెం దగ్గర కూర్చోబెట్టి నురగ వచ్చేదాకా రుద్ది, కడిగి, అమ్మ పాత రవికతో తుడిచి, సాయంత్రం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంత సుఖంగా నేను ఆ చలికాలమంతా లేను.

పొద్దు వాలాక తల్లిగొర్రె ఉరుకుతూ వచ్చింది, వాసన చూసింది, కుమ్మింది. పిల్ల లేచి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ కుమ్మింది. ఆ గొర్రె తన పిల్ల ఎదురుగానే ఉండగా తన పిల్ల కోసం దడి చుట్టూ అరుస్తూ తిరిగింది.

"ఎంత పని జేస్తివే పిచ్చిదానా! దాని వాసన కడిగేస్తే తల్లికెట్ల తెలుస్తది?" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. ఆ గొర్రె పాలే పిండి పిల్ల వీపుకు పూసింది, తల్లి నాకుతుందేమోనని ఉప్పు రాసింది, తాత గొర్రె మెడ పట్టుకుంటే అవ్వ పిల్లను పొదుగుకు పెట్టింది. వదలగానే మళ్ళీ కుమ్మే. చివరికి మేకపాలు తాగించి బతికించాం గానీ, అది బతికినన్నాళ్ళూ మందకు పది అడుగుల దూరంలోనే మేసింది.

"మనుషులు గూడ గంతేనా అవ్వా?" అని అడిగాను.

"గంతే మరి! మీ యమ్మ గూడ నిన్ను వాసన జూసే గుర్తువడ్తది" అంది అవ్వ, రొట్టె తిప్పుతూ, నన్ను ఆట పట్టించడానికి.

నేను నమ్మాను. ఆ రోజు నుంచి ఒంటికి సబ్బు తగలనివ్వలేదు, తలకు నీళ్ళు పడనివ్వలేదు, అమ్మ వెళ్ళేటప్పుడు తొడిగిన గౌను విప్పనివ్వలేదు. "ఊరోళ్ళు నా మొఖం మీద ఉమ్ముతరే" అని అవ్వ వెంటపడితే బండి కిందికి దూరేదాన్ని. తల జడలు కట్టింది, పేలు పడ్డాయి. అయితేనేం, అమ్మ వస్తే నన్ను గుర్తుపట్టాలి.

ఉగాది ముందురోజు, నాన్నను పని దగ్గరే వదిలి, అమ్మ ఒక్కతే వచ్చింది. ఇంట్లో భక్ష్యాలకు బెల్లం ఉడుకుతోంది. పెట్టె కింద పడేసి చేతులు చాచి ఉరికొచ్చి నన్ను ఎత్తుకుంది. ఆమె దగ్గర సిమెంటు వాసన, రైలు వాసన, ఎన్నడూ ఎరగని ఏదో నూనె వాసన. మా అమ్మ వాసన లేనే లేదు. గింజుకుని దిగి అవ్వ వెనక దాక్కున్నాను.

"ఏందే, నేనే, అమ్మనే" అని నవ్వింది. మరోసారి అంది. మూడోసారి అన్నప్పుడు నవ్వు లేదు.

పండుగ పొద్దున తలంటుతానని కాగులో నీళ్ళు కాచి, సబ్బు పట్టుకుని పిలిచింది. అమ్మ నన్నింకా వాసన చూసి సరిగ్గా గుర్తుపట్టనేలేదు, ఇప్పుడే ఆ వాసన కడిగేస్తే ఎలాగని నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. ఆమెకు మాత్రం పిల్ల తనను దగ్గరికి రానివ్వడం లేదనే అర్థమైంది. "బలిమి జెయ్యకు బిడ్డా, ఊకె పక్కన కూసో, అదే వస్తది" అని అవ్వ చెప్పింది. నాలుగు రోజులూ అమ్మ అలాగే, నేను ఆడుకునే చోటికి రెండు గజాల దూరంలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఐదో రోజు మేస్త్రీ కబురు పెట్టాడు. పెట్టె నెత్తిన పెట్టుకోబోయి ఆగి, "జర దగ్గరికి తీస్కోనా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వెళ్ళిపోయింది.

తరువాత ఏళ్ళు గడిచాయి, వలస ఆగింది, అమ్మా నేనూ ఒకే ఇంట్లో ఎన్నో ఏళ్ళు ఉన్నాం. నా తల దువ్వాలన్నా, జ్వరమొస్తే నుదురు తాకాలన్నా ముందు అడిగేది. "దువ్వనా?" "చెయ్యి వెట్టనా?" కన్నతల్లి అలా అడగడం నాకు వింతగా తోచలేదు, అదే ఆమె తీరనుకున్నాను. నా కూతుర్ని మాత్రం అడగకుండానే లాక్కుని ముద్దులు పెట్టుకునేది.

ఇప్పుడు మా ఊరికి కాలువ నీళ్ళొచ్చాయి. మేత భూముల్లో వరి నిలబడింది, అవ్వా తాతా లేరు, మంద లేదు, దడి ఉన్న చోట ట్రాక్టరు ఉంటుంది. సాయంత్రం పూట ఊరంతా టీవీల మోతే తప్ప అరుపులూ లేవు, దుమ్మూ లేదు. అమ్మ పోయి రెండేళ్ళయింది.

నెలకో ఆదివారం మా హాస్టల్ గేటు దగ్గరికి తల్లులు వస్తారు. ఏ పిల్లయినా బిగుసుకుపోయి స్తంభం పక్కన నిలబడితే నేను ఊరుకోను, రెక్క పట్టుకుని తీసుకెళ్ళి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి వస్తాను. టీచరమ్మ చెయ్యి మొరటని పిల్లలు అనుకుంటారు, అనుకోనీ. ఆ ఉగాదికి తలంటు ఎందుకు వద్దన్నానో, ఆ గౌను ఎందుకు విప్పలేదో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పడానికి నాకు నలభై ఏళ్ళు టైముండింది. నేను చెప్పలేదు, మా అమ్మ అడగలేదు.