రెండెకరాల ఇరవై గుంటలు

ఒక్క వారంలో ప్రేమలతక్క చేతిలో ఆ పట్టిక మూడు రకాలుగా వచ్చింది. మనుషులు వాళ్లే, ఇళ్లు అవే, ఊళ్లు అవే. మేం నింపిన ఫారాల్లో ఒక్క అక్షరం మారలేదు. అయినా ఒకసారి చింతలదిన్నె పైకి వస్తుంది, ఇంకోసారి కిందికి పోతుంది.

"తిరుపతీ, ఇది కంప్యూటరా, గద్వాల సంతల చిలుక జోస్యమారా?" అంది నాతో.

2007 సంగతి. వనపర్తి బస్టాండు వెనక ఒక మేడ మీద చిన్న స్వచ్ఛంద సంస్థ ఆఫీసుండేది. నేను ఊళ్లు తిరిగి ఫారాలు నింపేవాణ్ని. ఆమె వాటిని కంప్యూటర్లో ఎక్కించేది. నాకా ఉద్యోగం మీద గౌరవం లేదు. దొరికిన పుస్తకమల్లా చదివిన పొగరుతో, పేదవాణ్ని లెక్కపెట్టడం కన్నా పేదవాడికి అన్నం పెట్టడం సులువు కదా అని అందరితో వాదించేవాణ్ని. ప్రేమలతక్క వాదించేది కాదు. "నీ నోరు ఆగినంక ఆ ఫారం ఇటియ్యి" అనేది.

ఆమెది ధరూర్ మండలంలో కృష్ణ దిక్కు ఊరు, చింతలదిన్నె. తల్లిదండ్రులు కాలువ పనులకు, డ్యాం పనులకు దేశాలు పట్టుకొని తిరిగిన మనుషులు. ఇద్దరు ఆడపిల్లల్లో పెద్దది బాలమణి వాళ్ల వెంట పోయింది. పని కాడ చంటి తమ్ముళ్లను ఎత్తుకొని తిప్పడానికి ఒకరు కావాలి కదా, ఆ ఒకరు బాలమణి. చిన్నదైన ప్రేమలతను గద్వాలలో పాస్టరమ్మ ఇంట్లో పెట్టి చదివించారు. ఇంటర్ అయింది, టైపు నేర్చింది, కంప్యూటర్ నేర్చింది, వనపర్తిలో గది తీసుకొని ఒక్కతే ఉంటోంది. అక్కకు అక్షరం రాదు. ఇప్పుడు బాలమణి కూతురు రూతుకు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల చంకలో కూడా ఒక తమ్ముడున్నాడు.

మా సర్వే దేనికంటే, వలస పోయేవాళ్ల పిల్లల కోసం ఒక హాస్టలు పెట్టడానికి. ఊరికొకటి కాదు, అన్ని ఊళ్లలో ఏదో ఒక్క ఊరికే, ఆ ఊరి పిల్లలకే. తల్లిదండ్రులు కూలీలను తోలుకుపోయే మేస్త్రి లారీ ఎక్కి పోతే, తిరిగి వచ్చేదాకా పిల్లలు అందులో ఉండి ఊళ్లోనే బడికి పోతారు. భూమి తక్కువుండి, ఏడాదిలో ఆరు నెలలకు పైగా బయట బతికే ఇళ్లు ఏ ఊళ్లో ఎక్కువుంటే హాస్టలు ఆ ఊరికి. దీపావళి కాగానే లారీలు కదుల్తాయి. ఆలోపు హాస్టలుకు డబ్బిచ్చే హైదరాబాదు ఆఫీసుకు పట్టిక పోవాలి.

ఎకరాలను ఉన్నవి ఉన్నట్టు పట్టిక వేయమంటే మా లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కో అంకెకూ ఒక్కో వరుస వేస్తుంది. ముప్పావెకరానికి ఒక వరుస, ఎకరం ఐదు గుంటలకు ఇంకో వరుస, అట్లా కాగితం నేల దాకా జారుతుంది. అందుకని ముందు అంకెలను గుంపులు కట్టాలి. సున్నా నుంచి రెండున్నర ఒకటో గుంపు. రెండున్నర నుంచి ఐదు రెండోది. ఐదు దాటితే మూడోది. దాన్ని రీకోడ్ అంటారు. బయట ఉన్న నెలలనూ అట్లే గుంపులు కట్టి, నిలువుకు ఎకరాలు, అడ్డానికి నెలలు పెట్టి, ఊరూరికీ వేరువేరుగా వేయమంటే పట్టిక వస్తుంది. ఒక్కో గడిలో ఇన్ని ఇళ్లని ఉంటుంది. మాకు కావాల్సింది మొదటి వరుస చివరి గడి: తక్కువ భూమి, ఎక్కువ నెలలు.

మొదటిసారి ఆ గడిలో చింతలదిన్నె అన్ని ఊళ్లకన్నా పైనుంది. ఖిల్లా ఘణపూర్ దిక్కున్న రాతిగుట్టపల్లి రెండోది. ప్రేమలతక్క మొహం వెలిగింది. ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేసి, "అక్కా, రూతును లారీ ఎక్కించకు" అని చెప్పేసింది. అక్కడే తొందరపడింది.

మర్నాడు కురుమూర్తి సార్ వచ్చాడు. ఆయన కాలేజీలో లెక్కలు చెప్తాడు, పట్టికలు చూసి సంతకం పెట్టడం మా దగ్గర ఆయన పని. నాకు ఆయనంటే పడదు, కానీ ఆయన చూపు మాత్రం పదును. ఎకరాల వరుసను పైనుంచి కిందికి చూస్తూ చూస్తూ ఆగిపోయాడు.

"అమ్మా, గిన్ని ఇండ్లల్ల ఒక్కరికి కూడ చుక్క తర్వాత యాభై, అరవై లేదేంది? అన్నీ ముప్పై తొమ్మిది లోపలనే ఉన్నయ్!"

అప్పుడర్థమైంది. మా దగ్గర భూమిని ఎకరాలు, గుంటలుగా చెప్తారు. నలభై గుంటలైతే ఎకరం. రెండెకరాల ఇరవై గుంటలను మేమంతా ఫారంలో రెండు రాసి, అడ్డగీత గీసి, ఇరవై రాస్తాం. పట్వారీల కాలం నుంచీ అంతే. కంప్యూటర్ అడ్డగీతను తీసుకోదు, అంకెలు తప్ప వద్దంటుంది. ప్రేమలతక్క గీత బదులు చుక్క పెట్టింది. దాంతో కంప్యూటర్ లెక్కలో అది రెండెకరాల మీద ఎకరంలో అయిదో వంతు అయింది. నిజానికది రెండున్నర. రెండెకరాల ముప్పై గుంటలంటే రెండుముప్పావు, అదీ రెండున్నర లోపలికే పోయి కూర్చుంది.

"గుంటలను నలభైతోని భాగియ్యాలె" అని సార్ తనే కూర్చొని కమాండు రాశాడు. గుంపులు కూడా తనే మళ్లీ కట్టాడు. పట్టిక వేశాడు.

చింతలదిన్నె మూడో చోటుకు దిగిపోయింది. రాతిగుట్టపల్లి పైకెక్కింది.

సార్ పోయాక ప్రేమలతక్క ఆ ఊరి ఫారాల కట్ట విప్పి ఒక్కొక్కటే చూసుకుంటూ కూర్చుంది. నేను ఛాయ్ తెచ్చి పెడితే మీగడ కట్టింది.

"ఏందక్కా, తప్పు దిద్దుకున్నం గద. ఇంకేంది?"

"తప్పు పోయింది తమ్మీ. తప్పుతో పాటు మా ఊరు గూడ పోయింది. ఎట్ల పోయింది? రెండెకరాల ముప్పై గుంటలోళ్లు పోతె నలుగురో ఐదుగురో పోవాలె. సగం ఊరెట్ల పోతది?"

తర్వాత తనే కనిపెట్టింది. చింతలదిన్నెలో ఒకప్పుడు సర్కారు బంజరు పంచినప్పుడు ఇంటికి ఐదెకరాల పట్టా ఇచ్చిందట. తర్వాత ఇద్దరేసి అన్నదమ్ములు పంచుకున్నారు. అందుకే ఊళ్లో సగం ఇళ్లకు రెండెకరాల ఇరవై గుంటలే. ఎక్కువ లేదు, తక్కువ లేదు. సరిగ్గా రెండున్నర. సగం ఊరు రెండు గుంపుల మధ్య గట్టు మీద నిలబడి ఉంది.

మరి రెండున్నర ఒకటో గుంపా, రెండో గుంపా? హైదరాబాదు నుంచి వచ్చిన కాగితంలో ఒకటోది రెండున్నరతో ఆగుతుంది, రెండోది రెండున్నరతోనే మొదలవుతుంది. ఇక కంప్యూటర్ పద్ధతేమిటంటే, గుంపుల్లో ఏది ముందు రాస్తే అంకెను అది పట్టుకుంటుంది. వెనక రాసినదానికి ఇక దొరకదు. సార్ పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకు రాసుకుంటూ వచ్చాడు. రెండున్నరలన్నీ పై గుంపులో పడ్డాయి. ప్రేమలతక్క చిన్న గుంపు ముందు రాసి మళ్లీ వేసింది. చింతలదిన్నె పైకొచ్చింది. రాతిగుట్టపల్లి దాని కింద, కొద్ది తేడాతోనే.

ఆమె మళ్లీ తిరగేసింది. దిగింది. మళ్లీ వేసింది. ఎక్కింది. కంప్యూటర్ ఏదడిగితే అది, అదే నీటుతనంతో చూపిస్తోంది. దాని మొహంలో సిగ్గు లేదు.

"చిన్నది ముందు రాసి పంపియ్యి, అయిపాయె" అన్నాను నేను. "సర్కారోళ్లు ఎన్ని తిరగేస్తలేరు?"

"వాళ్లు తిరగేస్తె తిడ్తవు. నేను తిరగేస్తె మంచిదా?"

నాకు కోపమొచ్చింది. ఆమె మీదో, నా మీదో తెలియలేదు.

సార్‌ను అడిగితే ఆయన హైదరాబాదుకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి, ఏదో ఒకటి పెట్టి తొందరగా పంపండి అన్నాడట.

"రెండూ తప్పు కాదమ్మా" అన్నాడు సార్. "నేను పై నుంచి రాసింది నాకలవాటై. రెండున్నర దాంక చిన్న రైతే అని నువ్వంటె నేను కాదన. ఏదో ఒకటి పట్టుకోవాలె, ఏది పట్టుకున్నమో పట్టిక కింద రాయాలె. నువ్వే చెయ్యి, నేను సంతకం పెడ్త."

"నేనెందుకు సార్? మా ఊరున్నది దాంట్ల."

"మీ ఊరు లేకుంటె నువ్వు ఇంతసేపు చూస్తుంటివా?"

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. నిజమే కదా. ఆ ఊరు తనది కాకపోతే సార్ వేసిన పట్టిక చూసి, సరే అని మూసేసేది. వేరే ఊరేదైనా అట్లా గట్టు మీద నిలబడి ఉంటే ఆమెకు తెలిసేదే కాదు.

ఆదివారం నేను అయిజకు పోతున్నానని చెప్పి, దారి కాకపోయినా ఆమెను బండి మీద చింతలదిన్నెకు తీసుకుపోయి, నేనూ అక్కడే ఆగాను. బాలమణి వాకిట్లో పల్లికాయలు ఆరబోస్తోంది. రూతు తమ్ముణ్ని చంకన వేసుకొని మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"అక్కా, రెండెకరాల ఇరవై గుంటలుంటె చిన్న రైతా, జర పెద్ద రైతా?" అంది ప్రేమలతక్క.

బాలమణి నవ్వింది. "ఏందే, నీకు పానం బాగలేదా? గిదడగనీకె వనపర్తి నుంచొచ్చినవా? మీ బావను అడుగు. తాగిన నాడు పెద్ద రైతు, తాగని నాడు కూలోడు."

లోపల్నుంచి ఆమె మొగుడు పాల్, "నన్నెందుకు తీస్తరు నడుమ!" అని అరిచాడు.

"నవ్వకక్కా. నిజంగనే అడుగుతున్న."

"నేను గూడ నిజంగనే అడుగుతున్న" అంది బాలమణి, చేతులు దులుపుకుంటూ. "ఆస్టలు వస్తదా, రాదా? లారీల జాగ పెట్టాల్నా వద్దా అని మేస్త్రి దినాం అడుగుతుండు. నువ్వొకనాడు వద్దంటివి, మల్ల సప్పుడు లేదు. పిల్ల వస్తె తమ్ముణ్ని పడ్తది, నాకు చేతులాడ్తయ్. రాకుంటె నేను ఈణ్ని నడుముకు కట్టుకొనే మన్ను మొయ్యాలె. ఏదైతె అదాయె, చెప్పు. చెప్పక సంపుతున్నవ్."

"నాకు తెల్వదక్కా."

"సదువుకున్నదానివి, నీకు తెల్వకుంటె నాకు తెలుస్తదా?"

తిరుగు దారిలో ధరూర్‌లో బండి ఆపాను. అక్కడ ఛాయ్ తాగుతుంటే ప్రేమలతక్క అంది: "రాతిగుట్టపల్లిల ఫారాలు నింపింది నువ్వే గద. ఆడ పిల్లలెట్లున్నరు?"

"ఈడున్నట్లనే" అన్నాను. అబద్ధం చెప్పొచ్చు, తట్టలేదు. అక్కడ ఒక పిల్ల నేను రాస్తుంటే నా పెన్ను మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టింది. అదీ చెప్పాను. ఎందుకు చెప్పానో.

సోమవారం ఆమె చిన్న గుంపును ముందు రాసింది. పట్టిక వేసింది. కింద ఒక వాక్యం టైపు చేసింది: సరిగ్గా రెండున్నర ఎకరాలున్న ఇళ్లను ఒకటో గుంపులో కలిపాము. సార్ చదివి సంతకం పెట్టాడు. తన ఊరని చెప్పి ఇంకో వాక్యం కూడా రాయాలా అని అడిగింది. పట్టిక కింద అట్లాంటివి రాయరమ్మా అన్నాడు సార్. కవరు అంటించి పోస్టులో వేసింది నేనే. ఆమె చేసింది న్యాయమా, స్వార్థమా అని దారంతా ఆలోచించాను. రెండున్నర దాకా చిన్న రైతే, అందులో తప్పు లేదు. కానీ ఆమె అట్లా రాసింది అందుకేనా? ఆమెను అడిగితే, "అదే నాకు గూడ తెలుస్తలేదు" అంది.

హాస్టలు చింతలదిన్నెకే వచ్చింది. ఊరి చివర పాత గోదాముకు సున్నం వేసి, ట్రంకుపెట్టెలు, చాపలు దించారు. వాటి వెంట నేనూ పోయాను. ఆ రోజే లారీ. ప్రేమలతక్క సెలవు పెట్టి వచ్చింది.

బాలమణి చిన్నోణ్ని నడుముకు కట్టుకొని, తట్టలో గిన్నెలు సర్దుకొని లారీ ఎక్కింది. రూతు అప్పటిదాకా ఆడుకుంటూనే ఉంది. తల్లి పైకెక్కి తనను పిలవకపోయేసరికి దానికి అర్థమైంది. పరుగెత్తుకుంటూ వచ్చి లారీ వెనక తలుపు పట్టుకుంది.

"అమ్మా, నేనొస్త! తమ్ముణ్ని నేను పడ్త గద! పోయినేడు నేనే పట్టుకోలేదా?"

బాలమణి ఇటు చూడలేదు. ప్రేమలతక్క పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడదీసి లాగింది. రూతు ఆమె చెయ్యి కొరికింది.

"నన్నొక్కదాన్నే ఎందుకు ఇడిసిపోతుండ్రు? నేనేం జేసిన చిన్నమ్మా?"

"ఏం జెయ్యలేదు బిడ్డా. బడికి పోవాలె గద."

"నన్నెవరడిగిండ్రు?"

లారీ కదిలింది. ధరూర్ రోడ్డు ఎక్కేదాకా దుమ్ము నిలిచే ఉంది. ప్రేమలతక్క చేతి మీద పంటి గాట్లు ఎర్రగా తేలాయి, ఆమె వాటిని కొంగుతో కప్పుకుంది. పిల్లను గోదాములోకి తీసుకుపోయి, చాప పరిచి, పక్కన కూర్చుంది. రూతు గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందా, నిద్రపోయిందా తెలియలేదు. బస్సుకు టైమైందని నేను రెండుసార్లు చెప్పాను. ప్రేమలతక్క తల ఊపింది, లేవలేదు.