నాలుగు అంగళ్లూ ఒక పెన్‌డ్రైవూ

మా మేనత్త సాంబారు పొడికి, ఆమె ఉండే చూలై పేటలో పెద్ద పేరుంది. దాని పాళ్లు మాత్రం ఆమెకు తప్ప ఇంకో పురుగుకు కూడా తెలియవు. ధనియాలు ఒక అంగట్లో, మిరపకాయలు ఇంకో అంగట్లో, పప్పులు మూడోదాంట్లో, మెంతులూ మిరియాలూ నాలుగోదాంట్లో కొంటుంది. పైగా వెళ్లిన ప్రతిసారీ, పొడిలో ఏమాత్రం పడని వాము ఒక పొట్లం కట్టించుకుంటుంది. ఏ అంగడాయనా చీటీ చూసి గుట్టు పట్టేయకూడదట! ఆ వామంతా మా ఇంటికి చేరేది. చిన్నప్పుడు కడుపు నొప్పి అని నోరు తెరిస్తే చాలు, నాకు వాము కషాయం తప్పేది కాదు.

ఆ పాళ్లను అత్త తన పాత ల్యాప్‌టాప్‌లో దాచుకుంది. అది ఆన్ అయ్యేలోపు కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించొచ్చు. లినక్స్ అనే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టం వేస్తే లేచి కూర్చుంటుందని నేను పోరు పెట్టాను. స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్తాను కదా, ఇంట్లో ఒక్కరికైనా నా చదువు పనికి రావాలని మహా దురద. ఇంకో ఆశ కూడా ఉంది, చెప్పేస్తాను. నాకు ముప్పై ఐదేళ్లు వచ్చినా, పొడి కొట్టే రోజు అత్త నన్ను కూడా బయటికి తోలేసి తలుపేసుకుంటుంది. ఒక్కసారి నన్ను నమ్మితే బాగుండునని ఎన్నాళ్లుగానో ఉంది.

"ముందు పెన్‌డ్రైవ్ మీంచి నడిపి చూద్దాం అత్తా. లోపల నీ ఫైళ్లు ముట్టుకోను" అని ఒప్పించాను.

ఆదివారం పొద్దున్నే పెరంబూరులో మా ఇంటి నుంచి నా ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లాను. అందులో ఉన్నదీ లినక్సే. కొత్త లినక్స్ ఫైలు ముందే దింపుకుని, సరైనదో కాదో సరిచూసుకున్నాను. ఇక దాన్ని పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించే టూల్ ఒకటి కావాలి. అందరూ మెచ్చుకునేదాన్నే తెరిచాను. రంగులూ బొమ్మలూ, పెళ్లికూతురిలా ముస్తాబై ఉంది. సెట్టింగ్స్‌లో మాత్రం దాన్ని తయారుచేసినవాళ్లకు మన వాడకం వివరాలు పంపే గడిలో టిక్ ముందే పెట్టి ఉంది. పక్కనే కుర్చీ వేసుకున్న అత్త కళ్లు దాని మీదే పడ్డాయి.

"ఏం పంపిస్తాడు మే పిల్లా?"

"నీ ఫైళ్లు కాదులే అత్తా. ఏ డ్రైవ్ మీద రాశాం, సరిగ్గా రాసిందా లేదా, అంతే. మన పేరు కూడా ఉండదు."

"సుమ్మా, ఊరికే ఎందుకు వాడికి? మిరక్కాయలు ఎంత కొన్నానో తెలిస్తే చాలదా, మిగతాది వాడే ఊహించుకోడా?"

ప్రైవసీ గురించి పిల్లలకు గంటలు గంటలు చెప్పాను కానీ, ఇంత తేటగా ఏనాడూ చెప్పలేదు. సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ ఆగలేదు. పోనీ టిక్ తీసేద్దామంటే అత్త ఒప్పుకోలేదు.

"అడక్కుండా పెట్టినోడు, మళ్లా పెట్టడా? అసలు ఆ టూలే వద్దు, మూసెయ్."

రెండో దారి, టెర్మినల్ అనే నల్ల తెరలో కొట్టే ఒక్క వరస కమాండ్. అది ఎవరితోనూ మాట్లాడదు, నిజమే. కానీ డిస్క్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే నా ల్యాప్‌టాప్‌నే తుడిచి పారేస్తుంది, అడగను కూడా అడగదు. నా వేళ్ల సంగతి నాకు తెలుసు. చివరికి సిస్టంతో పాటే వచ్చిన డిస్కుల టూల్ తెరిచాను. బూడిద రంగు, ఆర్భాటం ఏమీ లేదు. అత్త లేచి వైఫై పెట్టె స్విచ్ ఆపేసింది.

"ఇప్పుడు చేస్తాడేమో చూడు."

చేసింది! పెన్‌డ్రైవ్ పేరూ సైజూ చూపించి, ఇందులో ఉన్నదంతా పోతుంది సరేనా అని ఒక్క మాట అడిగి, నోరు మూసుకుని పని చేసుకుపోయింది.

"ఈడు మనోడు" అంది అత్త.

ఆ పెన్‌డ్రైవ్ పెట్టగానే పాత ల్యాప్‌టాప్ చకచకా లేచింది. ఫిల్టర్‌లో కాఫీ ఇంకా దిగనే లేదు. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. అత్త వంటింట్లోకి వెళ్లి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ధనియాల నుంచి ఇంగువ దాకా, పాళ్లతో సహా, మొత్తం ఆమె చేతిరాతలోనే ఉంది.

"మోకాళ్లు నొప్పి మే. ఈసారి నువ్వు పోయి కొనుక్కురా. పొడి కొట్టేటప్పుడు ఈడే, లోపలే ఉండు."

సంతోషంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోకుండానే మెట్లు దిగాను. ధనియాలు ఒక అంగట్లో, మిరపకాయలు ఇంకో అంగట్లో, పప్పులు మూడోదాంట్లో కొన్నాను. నాలుగోదాంట్లో మెంతులూ మిరియాలూ కట్టించుకుని, ఒక పొట్లం వాము కూడా ఇమ్మన్నాను.