అమ్మవారి తోపులోంచి తోలించేసిన దుంగలు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధాలకోరులను వేదికలెక్కి ఉతికి ఆరేసే నేను. రుజువేదని స్వాములను, జ్యోతిష్కులను నిలదీసే నేను. ఒకసారి రుజువు నా ముందుకే వచ్చింది. చూశాను. చూడనట్టు నటించాను. ఈ మాట మొదటిసారి మీతోనే చెబుతున్నాను.

మండపేట దగ్గర కాలువ గట్టును ఆనుకుని ఒక తోపు ఉంది. అమ్మవారి తోపు అంటారు. ఒక తుఫానుకు అందులోని పెద్ద మద్దిచెట్లు, నేరేడుచెట్లు కూలిపోయాయి. అక్కడ పడిన కర్రను పొయ్యిలో పెడితే ఇంటికి కీడని ఊరి నమ్మకం. అందుకని మానులు పడినచోటే పుచ్చిపోతున్నాయి. తోపును మళ్లీ పెంచే పని మా హేతువాద సంఘం తలకెత్తుకుంది. నా కళ్లు మాత్రం ఆ మానుల మీదే ఉన్నాయి. వాటిని అందరూ చూస్తుండగా ఇటుక బట్టీకి తోలించి, ఎవరికీ ఏమీ కాలేదని నిరూపించాలి. నాకు కావలసింది అడవా, గెలుపా? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. వేసుకుంటే జవాబు తెలిసిపోతుందనే వేసుకోలేదేమో.

నేను పాఠాలు చెప్పే కాలేజీలోనే బోటనీ చెప్పే ఎస్తేరు గారు మొక్కల మీద ఇష్టంతో మాతో వచ్చేవారు. దుంగలు తోలించడానికి తోపులో మేం పెట్టిన సభకు ముందురోజు నన్నొక మద్దిమాను దగ్గరికి తీసుకెళ్లి బెరడు లేపి చూపించారు. లోపల తెల్లటి దారాల అల్లిక. పైన చెవి తమ్మెల్లాంటి పుట్టగొడుగులు. పక్క దుంగ మీద బటానీ గింజంత ఎర్రటివి. మెత్తబడిన చెక్కలోకి వేళ్లు దింపిన ఒక నేరేడు మొలక.

"ఇవన్నీ వేరువేరు శిలీంధ్రాలండి మాస్టారూ. కొన్ని గట్టి మాను మీదే వస్తాయి, కొన్ని బాగా కుళ్లాక గానీ రావు. చెక్కని తిని మట్టికి పెడతాయి. దుంగలు ఇలాగే ఉంచేసి, మధ్యలో మొక్కలు నాటుకుందాం."

"ఉంచేస్తే హేతువాదులు కూడా అమ్మవారికి భయపడ్డారంటారండి."

"అననివ్వండి. వాళ్లు చెప్పే కారణం తప్పు. చేసే పని తప్పు కాదు కదా?"

ఆ మాట నాకు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఇవాళ ఇది రాయవలసిన పని లేదు.

మర్నాడు షామియానా కింద ఆవిడ లేచి అదే చెప్పబోయారు. నేను మైకు వదల్లేదు. "ఏంటి మేడమ్, ఆదివారం చర్చికి, మంగళవారం అమ్మవారికా? తోపులో బూజు సరే, ముందు బుర్రలో బూజు దులపండి!" అన్నాను. జనం విరగబడి నవ్వారు. "మేడమ్ గారికి పూనకం వచ్చేత్తందిరోయ్!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. నేనూ నవ్వాను. ఆవిడ కూర్చుండిపోయారు. మళ్లీ మా సభలకు రాలేదు. స్టాఫ్ రూములో ఎదురుపడితే మాత్రం "నమస్కారమండి" అనేవారు.

బూజు! మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసాలన్నింటిలో ఆ మాట ఉండేది. దాన్ని తిట్టుగా వాడీ వాడీ, నిజంగా బూజు పట్టిన మాను మీద ఎన్ని ప్రాణులున్నాయో చూపిస్తే కూడా తిట్టే వినబడింది నాకు. హేతువు పేరు చెప్పి, హేతువు చెప్పే మనిషిని మతం పేరుతో ఎగతాళి చేశాను. ఇదే పని ఒక పూజారి చేసి ఉంటే ఎంత పెద్ద వ్యాసం రాసేవాణ్ణి!

దుంగలన్నీ ట్రాక్టర్ల మీద వెళ్లిపోయాయి. నేల చదును చేయించాను. ఎవరికీ కీడు జరగలేదు. చప్పట్లు కొట్టారు. రెండో వేసవికి ఆ నేల పెంకులా గట్టిపడింది, నాటిన మొక్కల్లో చాలావరకు ఎండిపోయాయి. దుంగలు లేకపోవడమొక్కటే కారణమని అనను. ఎండలున్నాయి, మా నిర్లక్ష్యముంది. కానీ ఆ దుంగల మీద బతికినవన్నీ పోయింది నా వల్లే. దానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు.

మొక్కలెందుకు పోయాయని ఎవరడిగినా నేలలో ఉప్పుందని చెప్పాను. అదీ అబద్ధమే. ఊరు నమ్మలేదు. మానులు తీయించినందుకు అమ్మవారికి కోపమొచ్చిందన్నారు. ఏటా శాంతి చేయిస్తున్నారు, కోళ్లు కోస్తున్నారు. నిజం చెప్పవలసినవాడు నోరు మూసుకుంటే ఆ ఖాళీలోకి దేవత రాక ఏం చేస్తుంది? నేను పోగొడతానన్న నమ్మకానికి నేనే బలమిచ్చాను. తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. ఊరి మీద కాదు.

ఎస్తేరు గారు రిటైరై తణుకులో ఉంటున్నారు. ఆవిణ్ణి క్షమించమని అడగను. అడిగితే మర్యాద కోసం సరేనంటారు. అంత తేలిగ్గా బయటపడటానికి నాకు హక్కు లేదు.

ఊరికి మాత్రం ఒక మాట చెప్పాలి. అమ్మవారికి ఏ కోపమూ రాలేదు. ఎస్తేరు గారు వద్దన్నారు, ఎందుకు వద్దో చూపించారు, నేను చూసి కూడా తోలించేశాను.

ఇంతే. ఇంత చిన్న సంగతి. ఇన్నేళ్లకు ఇవాళ రాయగలిగాను.