ఇబాన్రి చెప్పిన సాక్ష్యం

నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని ఆటో దిగినప్పుడే ఇబాన్రికి తెలుసు, వీధి వీధంతా తన మొహాన్నే చూస్తుందని. షిల్లాంగ్ నుంచి రైళ్లు మారుతూ వచ్చిన దారి పొడుగునా ఆ చూపులు అలవాటైపోయాయి. ఆమె ఎదురుచూడనిది మొగుడు జయకుమార్ నోటినుంచి వచ్చిన మాట.

ఆలూరు దగ్గరి పల్లె అది. వాకిట్లోకి ఎదురొచ్చిన జయకుమార్ తల్లి కృపమణి, మనవరాలిని చూసి చేతులు చాచి, అంతలోనే ఆగిపోయింది.

"ఎవరప్పా ఈయమ్మ? నేపాలామెనా?"

జయకుమార్ సూట్‌కేసు దించుతూ, తలెత్తకుండా అన్నాడు. "పాపను చూసుకునే ఆమె, మా."

అది అబద్ధమని చెప్పడానికి లేదు. నాలుగేళ్ల కింద ఆమె అతని క్వార్టర్‌కు ఆ పనికే వచ్చింది. కానీ మొన్న జనవరిలో షిల్లాంగ్ చర్చిలో ఇద్దరికీ పెళ్లయింది. ఆ సంగతి తల్లికి ఎదురుగా కూర్చుని చెబుతానని, ఫోన్లో చెప్పే మాట కాదని, అతనే అన్నాడు. ఆమె నమ్మింది. అందుకే ఈ సెలవుకు ఇంత దూరం వచ్చింది. ఇద్దరూ మామూలుగా మాట్లాడుకునేది హిందీలో. అంత తెలుగు ఆమెకు అర్థం కాదని అతను అనుకున్నాడేమో. అర్థమైంది. వచ్చిన నాలుగు ముక్కలూ అతని దగ్గర నేర్చుకున్నవే.

జయకుమార్ మిలిటరీలో హవల్దారు, సిగ్నల్స్ పని. మొదటి పెళ్లాం రెజీనా అదే ఊరి పిల్ల, చర్చి సంఘపెద్ద ఏసన్న కూతురు. రెండో విడత కరోనాలో షిల్లాంగ్ ఆసుపత్రిలో చనిపోయింది. అప్పటికి వాళ్ల పాప దీవెన చంకలో బిడ్డ. లాక్‌డౌన్లతో రాకపోకలు నిలిచిపోయి ఉన్నాయి. ఏసన్న కూతురి సమాధి కార్యక్రమాన్ని అరచేతిలో పట్టే ఫోన్లో, మధ్యమధ్య ఆగిపోయే బొమ్మలో చూశాడు. చలి కొండలకు తీసుకుపోయి నా బిడ్డను చంపినాడని ఆ తరువాత ఊరంతా వినేలా అన్నాడు. ఆ మాట జయకుమార్ చెవిన పడింది. ఆ మామ ముందర నిలబడే ధైర్యం లేక అతను సెలవులన్నీ షిల్లాంగ్‌లోనే గడిపాడు. పిల్లను పంపించు, నేను సాకుతానని తల్లి ఎన్నిసార్లు అడిగినా పంపలేదు. వీడియో కాల్‌లో కృపమణికి మనవరాలు కనిపించేది, పిల్లకు ఎదురుగా ఫోను పట్టుకున్న మనిషి కనిపించేది కాదు.

ఇబాన్రిది షిల్లాంగ్ దగ్గర ఖాసీల పల్లె. వాళ్లలో ఇల్లూ పొలమూ చివరి కూతురికి పోతాయి. ఇబాన్రి నడిమిది. అందుకని పనికి బయలుదేరింది. రెజీనా పోయిన రెండు నెలలకు ఎవరో చెబితే ఆ క్వార్టర్‌కు వచ్చింది. అతను డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే, పిల్ల పక్కన గోడకానుకుని కూర్చునేవాడు. పిల్ల మొదట పలికిన మాట 'ఉమ్'. అంటే ఏమిటని అడిగాడు. ఖాసీలో నీళ్లు అని ఆమె చెప్పింది. అయితే నీళ్లు అనడం కూడా నేర్పమన్నాడు. అట్లా ఆమె తెలుగు మొదలైంది.

ఒక సాయంత్రం ఆమె తన వక్కాకు అతనికి పెట్టింది. ఖాసీల వక్క పచ్చిది, ఒళ్లు వేడెక్కిస్తుంది. నమిలిన కాసేపటికే అతనికి ముచ్చెమటలు పోసి, తల తిరిగి, మెట్టు మీద కూలబడ్డాడు. "మా ఊర్లో కూడా వక్కాకు తింటారు. కానీ ఇట్ల చంపరు" అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. రెజీనా పోయాక ఆ ఇంట్లో పెద్దవాళ్లు నవ్వడం అదే మొదలు.

పెళ్లి మాట కూడా పెద్దగా ఏమీ లేదు. దీవెన బడికి పోయే వయసు వస్తోంది, ఆ తరువాత ఇంకో ఇంట్లో పనికి పోతావా అని అడిగాడు. నువ్వు పొమ్మంటే పోతానంది. నేను అననన్నాడు. అంతే.

ఇబాన్రి తల్లి ఒప్పుకోలేదు. బయటివాళ్లను వాళ్లు దఖార్ అంటారు, ఆ మాటను ముద్దుగా అనరు. "మనలో మగవాడు పెళ్లాం ఇంటికి వస్తాడు. నువ్వు వాడి ఇంటికి పోతే అక్కడ నీ వాళ్లెవరు?" అని అడిగింది. మేనమామ పెళ్లికి రాలేదు. ఇబాన్రి ఇవన్నీ దాటి వచ్చి ఈ వాకిట్లో నిలబడింది, పాపను చూసుకునే ఆమెగా.

ఆ రాత్రి ఆమెకు వసారాలో చాప వేశారు. మరుసటి రోజు పెరట్లో అంట్లు తోముతూ, పక్కకు వచ్చిన మొగుణ్ణి అడిగింది. చెబుతా, అమ్మ మనసు చూసి చెబుతా అన్నాడు. రోజూ అదే అన్నాడు. అంతలో సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి, సెలవులు రద్దయ్యాయి, వెంటనే రమ్మని యూనిట్ నుంచి ఫోను వచ్చింది. కృపమణి ఏడుస్తూ రొట్టెలు కట్టింది. ఏసన్న సైతం వచ్చి గడపలో నిలబడి ప్రార్థన చేసి పోయాడు.

బ్యాగు సర్దుకుంటున్న జయకుమార్ దగ్గరకు పోయి ఇబాన్రి తలుపు దగ్గరకు వేసింది.

"ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడెట్ల చెప్పేది? అమ్మ చూడు ఎట్ల ఉండాదో. వచ్చినాక నేనే చెప్తా. అంతదాకా ఓర్చుకో."

"నువ్వు రాకపోతే?"

అతను బ్యాగు జిప్పు వేస్తూ ఆగిపోయాడు.

"నువ్వు రాకపోతే నేనెవరిని ఈ ఇంట్లో?" అని మళ్లీ అడిగింది.

బయట బండి హారన్ కొట్టింది. పిల్లను ముద్దుపెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె వైపు చూసిన చూపులో ప్రేమ లేకపోలేదు. ఆ ప్రేమ మీదే ఆమెకు ఒళ్లు మండింది.

అతను పోయాక ఫోను కలవలేదు. టీవీలో రాత్రీ పగలూ యుద్ధం మాటలే. ఆ వారంలోనే కృపమణి ఆమెను కూర్చోబెట్టి, చేతులతో సైగలు చేస్తూ, మెల్లగా, చెవిటివాళ్లకు చెప్పినట్టు చెప్పింది. "పాప ఇంక ఈడే ఉంటాది. నీ పని అయిపోయింది. సోమవారం రైలుకు టికెట్టు తీపిస్తాండా. నీ ఊరికి నువ్వు పో. శానా బాగా చూసుకున్నావు, దేవుడు నిన్ను దీవిస్తాడు."

ఇబాన్రి సరేనని తలూపింది. కృపమణి అది ఒప్పుకోవడమనుకుంది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. ఒకామె తన కోడలి కాన్పు గురించి చెప్పింది. ఇంకొకాయన బోరులో నీళ్లు పడ్డాయని దేవునికి స్తోత్రం చెప్పాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు వెనక వరసలోంచి ఇబాన్రి లేచి నిలబడింది. ఆయా సాక్ష్యం చెబుతుందట అని నవ్వులు వినిపించాయి. పాస్టరయ్య ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"నా పేరు ఇబాన్రి. నేను ఆయా కాదు. జయకుమార్ నా మొగుడు. జనవరిలో పెండ్లి అయ్యింది. చర్చిలో, దేవుని ముందర. ఆయన చెప్పలే. నేను చెప్తాండా. ఆయన యుద్ధంలోకి పోయినాడు. నాకు శానా భయంగా ఉండాది. ప్రార్థన చేయండి."

యాస ఆలూరుదే, మాటలు మాత్రం విడివిడిగా, రాళ్లు పేర్చినట్టు వచ్చాయి. చెప్పి కూర్చుంది. తరువాత ఏసన్న లేచాడు. కూతుర్ని చంపినాడని అల్లుణ్ణి అన్న రోజు తరువాత ఆ మనిషి గొంతు చర్చిలో పాటకు తప్ప పెద్దగా లేవలేదు.

"ఎప్పటి నుంచి ఉండావే ఆ ఇంట్లో? నా బిడ్డ కండ్లు మూయకముందే చేరినావా?"

"లేదు. నేను చేరేటప్పటికి రెజీనా అక్క లేదు."

"అక్క అనొద్దు! నీ నోటితో దాని పేరు ఎత్తొద్దు!"

పాస్టరయ్య మధ్యలో పాట ఎత్తుకున్నాడు. పాట ఎవరూ పాడలేదు. కృపమణి దీవెనను ఎత్తుకుని ఇంటికి పోయింది. ఇబాన్రి వెనకే పోయేసరికి ఆమె బ్యాగు వీధిలో ఉంది.

"నా కొడుకు నోటితో చెప్పనీ. అప్పుడు చూస్తా. అంతదాకా ఈ గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడతా" అని కృపమణి తలుపు వేసుకుంది.

ఇబాన్రి రైలుకు పోలేదు. బ్యాగు తీసుకుని చర్చి వరండాలో కూర్చుంది. పాస్టరయ్య వచ్చి, సంఘంలో గొడవవుతుంది, పొమ్మని బతిమాలాడు. "ఎండ తగ్గినాక పోతా" అంది. మర్నాడూ అడిగాడు. మర్నాడూ అదే చెప్పింది. మే నెలలో ఆలూరులో ఎండ తగ్గేదెప్పుడు? కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి బిందెలు అడ్డం పెట్టారు. అందరూ పోయాక పట్టుకుంది. చైనా ఆమె అని ఒకరు, మందు పెట్టి మగవాణ్ణి లొంగదీసిందని ఒకరు. మందు పెట్టేవాళ్లకు చేసినట్టు పన్ను ఊడగొడతామన్నారు గానీ అంత పని ఎవరూ చేయలేదు. మధ్యాహ్నం వేడికి ముక్కులోంచి రక్తం కారితే కొంగు తడిపి నెత్తిన వేసుకుని అట్లాగే కూర్చుంది.

కృపమణి ఇంట్లో దీవెన, నేర్చిన తెలుగు ఏడుపులో మరిచిపోయి, రోజంతా 'ఉమ్, ఉమ్' అని ఏడ్చింది. మనవరాలు ముద్దు అడుగుతోందనుకుని కృపమణి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. దిష్టి తగిలిందనుకుంది. పిల్లే కుండ దగ్గరకు పోయి, ముంత ముంచుకుని, ఒళ్లంతా పోసుకుంటూ తాగినప్పుడు ఆమెకు అర్థమైంది. తన కొడుకు కూతురితో తనకు మాట కలవడం లేదని ఆ పూట ఆమె మొదటిసారి గుర్తించింది. దానికి కూడా ఇబాన్రినే తిట్టుకుంది.

తలుపు తెరుచుకుంటే చాలు, పిల్ల చర్చి వైపు పరుగెత్తేది. అవ్వ వెనకాల పోయి లాక్కొచ్చేది. ఒకసారి పిల్ల వరండా స్తంభాన్ని కావలించుకుని వదల్లేదు. కృపమణి విసిగిపోయి వీపున చరిచింది. మళ్లీ చెయ్యెత్తింది. ఇబాన్రి లేచి ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టొద్దు అత్తా."

"ఎవురే నీకు అత్త?" కృపమణి రెండో చేత్తో ఆమె చెంప మీద కొట్టింది.

ఇబాన్రి తిరిగి కొట్టలేదు. పట్టుకున్న చెయ్యీ వదల్లేదు. ఇద్దరూ అట్లా పట్టుకుని నిలబడి ఉండగా వీధి వీధంతా చేరింది. కాల్పులు ఆగినట్టు టీవీలో చెప్పింది ఆ సాయంత్రమే.

జయకుమార్ ఫోను ఆ తరువాత వచ్చింది, తల్లికి. కృపమణి ఫోను పట్టుకుని చర్చి వరండాకే వచ్చింది. అతను బాగుండాడని తెలిసి వెక్కి వెక్కి ఏడ్చింది. కండ్లు తుడుచుకుని అడిగింది.

"ఇది చెప్పేది నిజమా?"

స్పీకరు నొక్కి, ఫోనును ఇద్దరి మధ్యా పట్టుకుంది.

"నిజమేమా. నా భార్య."

"మరి గడపలో నిలబడి పనిమనిషి అన్నావు గదరా!"

"నువ్వు ఇట్ల చేస్తావనే భయపడితి."

"నేను చేసింది కనపడతాండాది. నువ్వు చేసిందో?" అని కృపమణి ఫోను ఇబాన్రి ముందు బండ మీద పెట్టింది. అతను లోపలినుంచి పిలుస్తున్నాడు. ఇబాన్రి తీసుకోలేదు. అతను పిలిచి పిలిచి పెట్టేశాడు. ఆ ఒక్క నిమిషం ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఒకే మనిషి మీద కోపంగా ఉన్నారు. ఆ నిమిషం దాటాక మళ్లీ మామూలే.

"దాని తండ్రి నిన్ను పెండ్లామని ఒప్పుకున్నాడు కాబట్టి పిల్లను తీసుకుపో. నా ఇంట్లోకి మాత్రం రావద్దు" అంది కృపమణి.

షిల్లాంగ్‌కు తిరిగిపోతే పని అయిపోయిన ఆయాగా పోయినట్టే అనుకుని, ఇబాన్రి పిల్లతో కర్నూలుకు బస్సెక్కింది. ఆ ఊరిని ఆనుకునే ఉన్న కల్లూరులో గది కోసం తిరిగింది. నేపాలోళ్లకు ఇచ్చేది లేదన్నారు. నేపాల్ కాదంటే, మరి చైనానా అన్నారు. పంది తింటారా అని ఒకరు, మొగుడు ఏడీ అని ఒకరు. కొత్త ఇండ్ల మధ్య, ఇంకా సున్నం వేయని ఒక మేడ మీద గది దొరికింది. జూన్‌లో పిల్లను బడిలో వేసింది. జయకుమార్ ఫోన్లు తీయడం మొదలుపెట్టింది గానీ, పిల్ల సంగతులు తప్ప ఏమీ చెప్పేది కాదు.

ఆగస్టులో అతను సెలవు మీద వచ్చాడు. తలుపు తీసింది. నీళ్లిచ్చింది. అతను క్షమించమన్నాడు.

"మీ అమ్మ నన్ను వీధిలో కొట్టింది. అది మరిచిపోతా. నువ్వు నన్ను గడపలో పనిమనిషిని చేసినావు. అది మరిచిపోయేదానికి నాకు రావడంలా."

"ఏం చేయమంటావు?"

"ఎవరెవరికి చెప్పలేదో వాళ్లకు పోయి చెప్పు. నేను రాను. నువ్వే పో."

అతను వెళ్లాడు. ముందు ఏసన్న ఇంటికి పోయాడు. నాలుగేళ్లు తప్పించుకున్న గడప అది. ఏసన్న కూర్చోమనలేదు. జయకుమార్ నిలబడే చెప్పాడు. "నా కూతురి సమాధి ఆడ వదిలిపెట్టి, ఆడి మనిషిని ఈడికి తెచ్చినావు. నీకు సిగ్గు లేదా?" అని ఏసన్న అడిగాడు. సంఘపెద్దలు కూర్చుని, తప్పు ఒప్పుకునేదాకా జయకుమార్‌ను ప్రభువు బల్లకు, రొట్టే ద్రాక్షరసమూ తీసుకునేదానికి, రానివ్వకూడదని తీర్మానించారు. పెళ్లి తప్పెట్లవుతాదని అతను అడిగాడు, దాచినందుకైతే ఒప్పుకుంటానన్నాడు. వాళ్లు వినలేదు. తల్లి అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ తిట్టింది.

కల్లూరుకు తిరిగొచ్చి జరిగిందంతా, తిట్లతో సహా, వరసగా చెప్పాడు. ఇబాన్రి మధ్యలో ఆపకుండా విన్నది. ఆ పూట గది బయట చాప వేసుకుంటున్న అతన్ని లోపలికి రమ్మంది.

దసరా సెలవుల ముందు ఒక మధ్యాహ్నం, బడి వదిలే వేళకు కృపమణి షేర్ ఆటో దిగింది. ఎవరిని అడిగి తెలుసుకుందో. పిల్లను తీసుకురావడానికి గేటు దగ్గర నిలబడ్డ ఇబాన్రిని చూసి ముఖం తిప్పుకుంది.

"నిన్ను చూసేదానికి రాలే."

"తెలుసు."

"పిల్ల సన్నబడినాది. ఏం పెడతాండావు?"

"ఇంటికి రండి. మీరే వండి పెట్టండి."

"నీ ఇంట్లో నీళ్లు కూడా ముట్టను."

"సరే. రేపు కూడా ఇదే టైముకు వదులుతారు" అంది ఇబాన్రి.

దీవెన పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ చూసి ఆగింది. తరువాత "అవ్వా, ఆకలి" అంది తెలుగులో. కృపమణి సంచిలోంచి బెల్లం ఓళిగలు తీసి, బడి గోడ నీడలో కూర్చుని, తుంచి తుంచి పెట్టింది. ఇబాన్రి రోడ్డు దాటి అవతల నిలబడి, ఆమె పెట్టడం అయ్యేదాకా ఎదురుచూసింది.